ఊహించడం ఆపి పరీక్షించడం: ఒక ప్రవర్తన విశ్లేషణ ప్రాజెక్టు డైరీ

జూన్, బడి తెరిచిన వారం

ఈ విద్యా సంవత్సరం నా ప్రాజెక్టు అంతా ఒక్క బాబు గురించే. ఏడేళ్ల వయసు, ఆటిజం, మాటలు ఇంకా రాలేదు. ఎడమ చేతిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా కొరుక్కుంటాడు. ఆ చోట చర్మం మొద్దుబారి కాయ కాసింది. నేను పనిచేసేది ఒక చిన్న ప్రత్యేక పాఠశాలలో. రెండు తరగతి గదులు, ఒక వరండా, భోజనాలకు ఒక షెడ్డు. పిల్లవాణ్ని విడిగా కూర్చోబెట్టి గమనించే గది అంటూ లేదు.

కారణం ఏమిటని అడిగితే ప్రతి ఒక్కరి దగ్గరా ఒక సమాధానం ఉంది. గారాబం ఎక్కువై చేస్తున్నాడని, పట్టించుకోకుండా వదిలేస్తే అదే తగ్గుతుందని ఒక టీచరు అన్నారు. ఆకలేసినప్పుడు చేస్తాడని ఆయమ్మ అంటుంది. పని తప్పించుకోవడానికని ఇంకొకరు. ఇవి వట్టి అభిప్రాయాలుగా మిగిలిపోతే బాధ లేదు. కానీ ఒక్కో అభిప్రాయం వెంట ఒక్కో చికిత్స వస్తుంది, అవి ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. అందరి దృష్టి కోసం కొరుక్కుంటున్నాడనుకుని, కొరికినప్పుడల్లా తీసుకెళ్లి మూల కూర్చోబెడితే, నిజానికి పని తప్పించుకోవడానికే కొరుక్కుంటున్న పిల్లవాడికి అది బహుమానం అవుతుంది. మనమే నేర్పినట్టవుతుంది.

1977లో ఎడ్వర్డ్ కార్ తనను తాను గాయపరచుకునే ప్రవర్తనకు ఉండగల కారణాలను విడివిడిగా చర్చించారు. 1982లో బ్రయాన్ ఇవాటా బృందం బాల్టిమోర్‌లోని కెన్నెడీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కారణాలను ఒక్కొక్కటిగా పరీక్షించే పద్ధతిని చూపించింది. కారణం అనుకున్న పరిస్థితిని మనమే కల్పించి, దాని పక్కనే ఆ కారణం లేని పరిస్థితిని పెట్టి, ప్రవర్తన దేనిలో పెరుగుతుందో చూడాలి. ఫంక్షనల్ ఎనాలిసిస్ అనేది దీన్నే. ఈ బాబుకు నేను చేయదలచుకున్నదీ ఇదే. అయితే ఆ పద్ధతికి ఇప్పుడు చాలా రూపాలున్నాయి. మా బడికి, ఈ చేతికి ఏ రూపం పనికొస్తుందన్నదే ఈ డైరీలో మొదటి ప్రశ్న.

జూన్, నాలుగో వారం

పద్ధతి ఎంచుకోవడం కన్నా ముందు డాక్టరు. పంటి నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం, నిద్రలేమి లాంటివి ఏమైనా ఉంటే ఎంత గొప్ప ప్రయోగమైనా తప్పుదారి పట్టిస్తుంది. పిల్లల డాక్టరు, పళ్ల డాక్టరు ఇద్దరూ చూశారు. చెప్పుకోదగ్గది ఏమీ లేదన్నారు.

తర్వాత తల్లిదండ్రుల అనుమతి. అమ్మతో చాలాసేపు మాట్లాడాను. పరీక్షలో భాగంగా బాబు కొరుక్కునే పరిస్థితిని కొద్దిసేపు మేమే తెస్తామని దాచకుండా చెప్పాను. "కావాలని కొరికిస్తారా మేడం?" అని ఆమె సూటిగా అడిగారు. రోజూ ఎలాగూ ఎదురవుతున్న పరిస్థితినే తక్కువ సేపు, అందరం దగ్గరుండి, రాసుకుంటూ చూస్తామని వివరించాను. చర్మం కందినా, నెత్తురు చుక్క కనిపించినా, బాబు ఏడుపు ఆపకపోయినా ఆ రోజుకు పరీక్ష ఆపేస్తామని కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాను. ఆపే హక్కు ఆమెకూ ఉంది, ఆయమ్మకూ ఉంది, నాకూ ఉంది. ముగ్గురిలో ఎవరు ఆపమన్నా కారణం అడగకుండా ఆపేయాలి.

జూలై, మొదటి వారం

దేన్ని లెక్కపెడుతున్నామో తేల్చుకోవాలి. "చెయ్యి కొరుక్కోవడం" అని రాస్తే అందరికీ అర్థమైనట్టే ఉంటుంది. ఇద్దరు కూర్చుని లెక్కపెడితే తేడా బయటపడుతుంది. మేము రాసుకున్న నిర్వచనం: పై పళ్లూ కింది పళ్లూ రెండూ చేతి చర్మానికి తగిలేలా నోరు మూయడం. పెదాలు మాత్రమే ఆనించడం, వేలు చప్పరించడం లెక్కలోకి రావు. పళ్లు వదిలి మూడు సెకన్లు గడిచాక మళ్లీ కొరికితే అది కొత్త లెక్క.

లెక్కకు వాడుతున్నది జపానికి వేలికి తొడుక్కునే కౌంటర్. పూజ సామాన్ల దుకాణంలో దొరికింది. శబ్దం రాదు, బాబు కంట పడదు. ఒకటి నాకు, ఒకటి ఆయమ్మకు. ఇద్దరం ఒకరినొకరు చూసుకోకుండా లెక్కపెట్టి, తర్వాత పోల్చుకుంటాం. ఈ రంగంలో పరిశీలకుల మధ్య 80 శాతం ఏకాభిప్రాయం కనీస హద్దుగా పాటిస్తారు. ఆయమ్మ పెద్దగా చదువుకోలేదు. అయినా ఆమె లెక్కలూ నా లెక్కలూ మొదటి వారంలోనే ఆ హద్దు దాటాయి. పిల్లల్ని ఏళ్ల తరబడి దగ్గరగా చూసిన కళ్లు ఆమెవి.

జూలై, మూడో వారం

ఇంటర్వ్యూలు, పరిశీలన. మన దగ్గర స్పెషల్ ఎడ్యుకేషన్ చదివినవాళ్లకు బేసిక్-ఎంఆర్ అనే ప్రవర్తన కొలమానం తెలిసే ఉంటుంది. సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, అంటే ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, 1992లో తెచ్చింది. దాని రెండో భాగంలో సమస్యాత్మక ప్రవర్తనల అంశాలు 75 ఉన్నాయి. ఏ సమస్యలు ఉన్నాయి, ఎంత తీవ్రంగా ఉన్నాయి అన్నది దానితో బాగా తేలుతుంది. దాన్నే నింపాను. ఎందుకు చేస్తున్నాడన్నది తేల్చడం దాని పని కాదు.

ఆ 'ఎందుకు' కోసం ముందు–ప్రవర్తన–తర్వాత అని మూడు గడుల కాగితం పెట్టుకున్నాం. కొరికిన ప్రతిసారీ దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని రాయడం. కాగితాలు నిండాక చూస్తే 'తర్వాత' గడిలో దాదాపు ప్రతిచోటా ఒకటే మాట: ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకున్నారు, "వద్దు నాన్నా" అన్నారు, ఊదారు. గారాబం సిద్ధాంతానికి ఇంతకన్నా రుజువేం కావాలని సహోద్యోగి అడిగారు.

ఇక్కడే తొందరపడకూడదు. పిల్లవాడు చెయ్యి కొరుక్కుంటుంటే పెద్దవాళ్లు పరుగెత్తుకు రాకుండా ఎలా ఉంటారు? కారణం ఏదైనా సరే, 'తర్వాత' గడిలో మన పలకరింపే ఉంటుంది. ఒకదాని వెంట ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది మొదటిదాన్ని నిలబెడుతోందని చెప్పలేం. 2007లో థాంప్సన్, ఇవాటా ఇలాంటి పరిశీలన ఫలితాలను ప్రయోగ ఫలితాలతో పోల్చి, చాలామంది విషయంలో రెండూ కలవడం లేదని చూపించారు. అందుకే ఈ కాగితాలను నేను తీర్పు కోసం వాడలేదు, పరీక్షలో ఏమేం పెట్టాలో తెలుసుకోవడానికే వాడాను.

అలా చదివితే 'ముందు' గడిలో అసలు విలువైనది కనిపించింది. చాలాసార్లు కొరకడానికి ముందు బాబు "ఊఁ" అని సన్నగా మూలిగి, ఎదుట ఉన్నదాన్ని అరచేత్తో తోసేస్తున్నాడు. ఆ మూలుగు, ఆ తోపు రాకుండా కొరికిన సందర్భాలు తక్కువ. ఇది పద్ధతి ఎంపికనే మార్చేసింది.

జూలై చివర: ఏ పద్ధతి?

అమెరికాలో ప్రవర్తన విశ్లేషకురాలిగా పనిచేసే మా సీనియర్ ఒకామె ఉన్నారు. అక్కా అని పిలుస్తాను. వారానికోసారి వీడియో కాల్‌లో నా కాగితాలు చూస్తారు. ఈ తోడు దొరకడం నా అదృష్టం. ప్రవర్తన విశ్లేషకులకు సర్టిఫికెట్ ఇచ్చే అక్కడి మండలి 2023 నుంచి మన దేశంవాళ్ల కొత్త దరఖాస్తులు తీసుకోవడం మానేసింది. ఇక్కడ ఈ పని నేర్చుకోవాలనుకునే టీచర్లకు ఆ దారి మూసుకుపోయింది. అందుకే ఈ వివరాలన్నీ తెలుగులో రాసి పెట్టడం అవసరమని నా పట్టుదల.

ఇవాటా పద్ధతి పూర్తి రూపం ముందు చర్చకు వచ్చింది. అందులో నాలుగు పరిస్థితులు ఉండేవి: కొరికితే పెద్దవాళ్లు పట్టించుకోవడం, కొరికితే పని ఆగడం, పిల్లవాడు ఒంటరిగా ఉండడం, పోలిక కోసం ఆట. ఒక్కో సెషన్ 15 నిమిషాలు, మళ్లీ మళ్లీ. స్పష్టత విషయంలో దీనికి సాటి లేదు. కానీ ఒక్కో సెషన్‌లో బాబు ఎన్నిసార్లు కొరికితే అన్నిసార్లూ లెక్కపెట్టాలి. కాయ కాసిన చేతితో ఆ పని చేయించలేను. గది లేదన్నది దాని తర్వాతి మాట.

1991లో నార్తప్ బృందం చూపిన సంక్షిప్త రూపం ఆసుపత్రి ఓపీలో గంటన్నరలో ముగించగలిగేది. దూరం నుంచి ఒక్కరోజు కోసం వచ్చే కుటుంబాలకు అది వరం. మా బాబు రోజూ బడికి వస్తాడు, ఒక్క పూటలో తేల్చాల్సిన అవసరం మాకు లేదు. ఒక పూట ప్రవర్తన మీద ఆధారపడడమే నాకు భయం. రాత్రి నిద్ర సరిగా లేకపోతే వాడు వేరే పిల్లవాడిలా ఉంటాడు.

2014లో హ్యాన్లీ బృందం ప్రచురించిన పద్ధతి నన్ను చాలా ఆకర్షించింది. ముందు తల్లిదండ్రులతో తీరిగ్గా మాట్లాడతారు. వాళ్లు చెప్పినదాన్ని బట్టి ఒకే పరీక్ష పరిస్థితి, ఒకే పోలిక పరిస్థితి తయారుచేస్తారు. పని ఆపడం, బొమ్మ ఇవ్వడం, పలకరించడం, ఇవన్నీ కలిపి ఒకేసారి ఇస్తారు. త్వరగా అవుతుంది, పిల్లవాడికి సుఖంగా ఉంటుంది, సురక్షితం. అక్క మొగ్గు దీని వైపే. నా ఇబ్బంది ఒక్కటే. అన్నీ కలిపి ఇస్తే ప్రవర్తన తగ్గుతుంది సరే, ఏది పనిచేసిందో విడదీసి చెప్పలేం. మా బడిలో గారాబం అనే మాట గోడకు కొట్టిన మేకులా దిగిపోయింది. ఆ మాట నిజమో కాదో విడిగా తేలకపోతే రేపు నేను సెలవు పెట్టిన రోజున బాబును మళ్లీ మూల కూర్చోబెడతారు. కాబట్టి కారణాలను విడదీసి చూపే పరీక్షే నాకు కావాలి.

చివరికి మిగిలింది ట్రయల్ పద్ధతి. 1995లో సిగఫూస్, సాగర్స్ మొదలుపెట్టిన దీన్ని 2011లో బ్లూమ్ బృందం తరగతి గదులకు తగ్గట్టు మలిచింది. రోజువారీ పనుల మధ్యలోనే చిన్న చిన్న పరీక్షలు ఇరికిస్తారు. ముందు 2 నిమిషాలు పోలిక భాగం, వెంటనే 2 నిమిషాలు పరీక్ష భాగం. ప్రవర్తన ఒక్కసారి కనిపించగానే ఆ భాగం ముగుస్తుంది. అంటే ఒక ట్రయల్‌లో పరీక్ష కోసం బాబు ఒక్కసారికి మించి కొరకనక్కర్లేదు. బ్లూమ్ బృందం పది మంది పిల్లల్లో దీన్నీ పూర్తి పద్ధతినీ పోల్చింది. ఆరుగురిలో రెండూ ఒకే సమాధానం ఇచ్చాయి, ఏడో పిల్లవాడిలో కొంతవరకు కలిశాయి. అంటే ఇది తప్పు చెప్పే అవకాశం ఉంది. ఆ సంగతి తెలిసే ఎంచుకున్నాను. తప్పు చెబితే తర్వాతి దశలో చికిత్స పనిచేయదు, అక్కడ పట్టుబడుతుంది. చేతికి అయ్యే గాయం మాత్రం వెనక్కి తీసుకోలేనిది.

దీనికి నేను ఒకటి జోడించాను. 2002లో స్మిత్, చర్చిల్ ప్రమాదకరమైన ప్రవర్తనకు బదులు దానికి ముందు వచ్చే సూచనలను పరీక్షించారు. మూలుగు, తోపు కనిపించినా ట్రయల్ ముగిసినట్టే అని నియమం పెట్టుకున్నాం. బాబు పళ్ల దాకా వెళ్లకముందే అడిగింది దొరుకుతుంది.

ఆగస్టు, మొదటి వారం

ట్రయల్ కాగితం సిద్ధమైంది. పలకరింపు ట్రయల్: ముందు పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం, తర్వాత "నాకు కొంచెం పని ఉంది" అని పుస్తకంలోకి చూడడం. వస్తువు ట్రయల్: వాడికి ప్రాణమైన పూసల సీసా ముందు చేతిలో ఉంటుంది, తర్వాత తీసుకుంటాం. పట్టించుకోని ట్రయల్: రెండు భాగాల్లోనూ ఎవరూ ఏమీ చేయరు. దానిలో కూడా కొరికితే ఆ స్పర్శే వాడికి కావాల్సి ఉంటుందని అనుమానించాలి. పని ట్రయల్: ముందు ఏ పనీ లేదు, తర్వాత పని.

ఏ పని? ఇక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. మూడు గడుల కాగితాల్లో పని అని రాసిన సందర్భాలను మళ్లీ చూశాను. రంగుల గోళీలు వేరు చేసేటప్పుడు కొరకలేదు, బొమ్మలు అతికించేటప్పుడు కొరకలేదు. పలక మీద దిద్దేటప్పుడు కొరికాడు. చేతులు కడిగించేటప్పుడు కొరికాడు. ఇంటి దగ్గర చొక్కా బొత్తాలు పెట్టించేటప్పుడు కొరికాడని అమ్మ రాశారు. ఈ మూడింటిలోనూ ఒకటుంది. మనం వాడి చెయ్యి మన చేతిలోకి తీసుకుంటాం.

మన దగ్గర అక్షరాలు నేర్పడమంటే చెయ్యి పట్టుకుని దిద్దించడమే. నేనూ అలాగే నేర్చుకున్నాను, మా అమ్మా అలాగే. అందులో తప్పుందని ఎవరికీ తోచదు. అందుకని పని ట్రయల్‌ను రెండుగా చీల్చాను. ఒకదానిలో పలక ఇచ్చి మాటతో, వేలు చూపించి మాత్రమే దిద్దమంటాం. రెండోదానిలో అదే పలక, అదే అక్షరం, చెయ్యి పట్టుకుని దిద్దిస్తాం. ఈ రెండింటి మధ్య చెయ్యి పట్టడం తప్ప వేరే తేడా ఉండకూడదు.

ఆగస్టు, నాలుగో వారం

వర్షాలకు హాజరు పడిపోయి కొన్ని రోజులు ట్రయల్స్ సాగలేదు. అయినా గ్రాఫు గీయడానికి సరిపడా పోగయ్యాయి.

పలకరింపు ట్రయల్స్‌లో ఏమీ లేదు. నేను పుస్తకంలోకి చూస్తూ కూర్చుంటే వాడు హాయిగా తన లోకంలో ఉన్నాడు. ఒకసారి నా పుస్తకం అంచు పట్టుకుని చూశాడు, అంతే. పట్టించుకోని ట్రయల్స్‌లోనూ లేదు. సీసా తీసుకున్నప్పుడు కొన్నిసార్లు మూలిగాడు, కొరకలేదు. మాటతో దిద్దించినప్పుడు చాలావరకు గీత గీయలేదు, కిటికీలోంచి చూశాడు, కొరకలేదు. చెయ్యి పట్టుకున్న ట్రయల్స్‌లో మాత్రం దాదాపు ప్రతిసారీ మూలుగు, తోపు. తోపు దగ్గర మేము కాస్త ఆలస్యమైతే పళ్లు చేతి మీదికి వచ్చేశాయి. పోలిక భాగాల గడులన్నీ దాదాపు ఖాళీ.

తప్పించుకునేది పనిని కాదు, పట్టును. పరిశోధన వ్యాసాల్లో 'పని నుంచి తప్పించుకోవడం' అని ఒకే పెట్టెలో వేసేదాన్ని చీల్చకపోయి ఉంటే, పని తగ్గించండి అనే సలహాతో ఇది ముగిసేది. వాడికి చదువు తగ్గేది, చెయ్యి పట్టడం మాత్రం స్నానం నుంచి బొత్తాల దాకా అలాగే సాగేది.

అమ్మను పిలిచి గ్రాఫు చూపించాను. నిలువు పట్టీల్లో ఒక్కటే పొడుగ్గా ఉంది. అది ఏమిటో చెప్పాను. "ముద్దు చేసి చెడగొట్టానని అత్తగారింట్లో అందరూ నన్నే అన్నారు మేడం" అన్నారామె. పలకరింపు పట్టీ మీద వేలు పెట్టి, ఇది సున్నానే కదా అని మళ్లీ మళ్లీ అడిగారు. సున్నానే అని నేనూ మళ్లీ మళ్లీ చెప్పాను.

సెప్టెంబరు, మొదటి వారం: చికిత్స

1985లో కార్, డ్యురాండ్ చూపిన దారి నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైనది. ప్రవర్తన దేన్ని తెచ్చిపెడుతోందో తెలిశాక, అదే ఫలితాన్ని తెచ్చిపెట్టే ఒక మర్యాదైన మార్గాన్ని పిల్లవాడికి నేర్పాలి. మా బాబుకు కావాల్సింది "నా చెయ్యి వదలండి" అని చెప్పగలగడం. అరచెయ్యి బొమ్మ వేసిన కార్డును అట్టకు అతికించి వెల్‌క్రోతో పలక మూలకు తగిలించాం. వాడు దాన్ని తాకితే చాలు, చెయ్యి వదిలేస్తాం.

కార్డు ఎలా నేర్పాలన్నది చిన్న విషయం కాదు. మామూలుగా అయితే వెనుక నుంచి ఒకరు పిల్లవాడి చెయ్యి పట్టుకుని కార్డు ఇప్పించడం నేర్పుతారు. ఇక్కడ అదే వాడికి గిట్టనిది. అందుకని కార్డును వాడి అరచేతి తోపు ఎటు వెళుతుందో సరిగ్గా అక్కడ పెట్టాను. మొదటి రోజుల్లో వాడు పలకను తోయబోయి కార్డును తాకాడు, వెంటనే చెయ్యి వదిలేశాం. తర్వాత కార్డును కొంచెం కొంచెం పక్కకు జరిపాం. వాడి చూపు దాన్ని వెతుక్కుంటూ వెళ్లిన రోజు ఆయమ్మ నా వైపు తిరిగి కళ్లతోనే చెప్పింది.

కొరికితే ఏం చేయాలి? పట్టు వదలకుండా దిద్దిస్తూ పోవడం పాత పుస్తకాల సలహా. నేను ఒప్పుకోను. 2010లో ఏథెన్స్, వోల్మర్ అలా బిగబట్టకుండానే మంచి ప్రవర్తనకు ఎక్కువ ఫలితం, సమస్య ప్రవర్తనకు తక్కువ ఫలితం ఇచ్చి మార్పు తేవచ్చని చూపారు. మాకు నప్పేది అదే. కొరికినా చెయ్యి వదులుతాం, కానీ పలక ఎదుటే ఉంటుంది, పది సెకన్లలో మళ్లీ మొదలు. కార్డు తాకితే పలక పక్కకు వెళుతుంది, నిమిషం విరామం.

సెప్టెంబరు, మూడో వారం: రెండో ఎంపిక

చికిత్స పనిచేస్తోందని ఎలా నమ్మాలి? బాబు ఎదుగుతున్నాడు, కొత్త తరగతికి అలవాటు పడుతున్నాడు, ఎండలు తగ్గాయి. కొరకడం తగ్గితే అది కార్డు వల్లే తగ్గిందని గ్రాఫు చెప్పగలగాలి. 1968లో జర్నల్ ఆఫ్ అప్లైడ్ బిహేవియర్ ఎనాలిసిస్ తొలి సంచికలోనే బేర్, వుల్ఫ్, రిజ్లీ ఇందుకు రెండు దారులు చెప్పారు. ఒకటి, చికిత్స పెట్టి, తీసేసి, మళ్లీ పెట్టడం. రెండోది, ఒకటి కన్నా ఎక్కువ బేస్‌లైన్లు, అంటే చికిత్సకు ముందు ఉన్న పరిస్థితి లెక్కలు, పెట్టుకుని ఒక్కో దానికి ఒక్కో సమయంలో చికిత్స మొదలుపెట్టడం.

పెట్టి తీసేయడం బలమైన రుజువు ఇస్తుంది. అక్క అదే అన్నారు, రెండు మూడు సెషన్లు తీస్తే చాలన్నారు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ తీసేసేది ఏమిటి? మాటలు లేని పిల్లవాడికి మొదటిసారి దొరికిన ఒక మాట. అదీ, ఇన్నాళ్లకు వాడు నమ్మడం మొదలుపెట్టిన మాట. గ్రాఫు కోసం దాన్ని లాక్కోవడానికి నాకు మనసొప్పలేదు. మందులాంటి చికిత్స అయితే, ఆపితే హాని లేనిదైతే, నేనూ తీసి చూసేదాన్నే.

అందుకని రెండో దారి తీసుకున్నాను. పలక, చేతులు కడగడం, ఇంట్లో బొత్తాలు. మూడు పనులు, మూడు బేస్‌లైన్లు. ముందు పలక దగ్గర కార్డు పెట్టాం. మిగతా రెండింటిలో మామూలుగానే సాగనిచ్చి లెక్కపెడుతున్నాం. గ్రాఫులో పలక గీత కిందికి పడిపోయి మిగతావి కదలకుండా ఉంటే, ఆపైన చేతుల దగ్గర కార్డు పెట్టగానే ఆ గీత పడితే, తర్వాత బొత్తాల దగ్గరా అలాగే జరిగితే, మూడు వేర్వేరు సమయాల్లో మూడుసార్లు చూపించినట్టు. ఈ రకం ప్రయోగాల్లో కనీసం మూడుసార్లు ప్రభావం కనిపించాలన్నది ఇప్పుడు స్థిరపడిన ప్రమాణం.

పలక గీత పడింది. నిట్టనిలువుగా కాదు గానీ, కార్డు పెట్టిన తర్వాతి సెషన్లన్నీ బేస్‌లైన్‌లోని అతి తక్కువ బిందువుకు కూడా కిందే ఉన్నాయి.

అక్టోబరు, దసరా సెలవులకు ముందు

చేతులు కడిగే చోట ఇంకా కార్డు పెట్టలేదు. భోజనానికి ముందు ఆయమ్మ వాడి చెయ్యి కుళాయి కిందకు తీసుకుంది. వాడు మూలిగాడు. చెయ్యి లాక్కుని తరగతిలోకి పరుగెత్తాడు. వాడు వెళ్లిపోయాడనే అనుకున్నాం. తడి చేత్తో పలక మూల నుంచి కార్డు ఊడదీసుకుని వచ్చి ఆయమ్మ కొంగుకు ఆనించాడు. ఆమె చెయ్యి వదిలేసింది. వదలకుండా ఎలా ఉంటుంది?

పద్ధతి లెక్కన రెండో బేస్‌లైన్ చెదిరిపోయింది. మేము చికిత్స పెట్టకముందే వాడు దాన్ని మోసుకుపోయాడు. బేర్, వుల్ఫ్, రిజ్లీ ఈ శాస్త్రానికి ఉండాలన్న లక్షణాల్లో ఒకటి సరిగ్గా ఇదే, నేర్చినది నేర్పని చోటికీ పాకడం. పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఈ ఏడాది ఇంతకన్నా మంచి వార్త లేదు. రుజువు వైపు నుంచి చూస్తే మూడు మెట్లలో ఒకటి పోయింది. కార్డును దాచి బేస్‌లైన్ కాపాడుకుందామా అన్న ప్రశ్నను అక్క కూడా ఎత్తలేదు. మర్నాడే కుళాయి దగ్గర ఒక కార్డు తగిలించాం.

పోయిన మెట్టును వేరే చోట కట్టాలి. అప్పుడు హార్ట్‌మన్, హాల్ 1976లో వివరించిన ప్రమాణం మార్చే డిజైన్ గుర్తొచ్చింది. దానిలో చికిత్స తీసేయనక్కర్లేదు. లక్ష్యాన్ని మెట్లు మెట్లుగా మారుస్తూ, ప్రవర్తన ప్రతి మెట్టునూ అనుసరిస్తోందా అని చూస్తారు.

మాకు ఎలాగూ ఆ దశ అవసరమే. నిమిషానికోసారి కార్డు తాకితే 'అ' అక్షరం ఎప్పటికీ పూర్తి కాదు. కార్డు ఎప్పుడు తాకినా చెయ్యి వదులుతాం, అందులో మార్పు లేదు. అయితే అనుకున్నన్ని గీతలు దిద్దాక తాకితే విరామం పెద్దది, పూసల సీసా కూడా వస్తుంది. ముందు ఒక గీత, తర్వాత రెండు, ఆపైన నాలుగు. నాలుగు నిలకడగా వచ్చాక కావాలనే మూడుకు దిగాం. వాడూ మూడుకు దిగాడు. మళ్లీ ఐదుకు ఎక్కాం, ఒకటి రెండు సెషన్లు తడబడి వాడూ ఎక్కాడు. వయసుతో వచ్చిన ఎదుగుదలే అయితే మేము దిగమన్నప్పుడు దిగదు. గ్రాఫు కాగితం మీద మా మెట్ల గీతా వాడి బిందువులూ పక్కపక్కనే నడుస్తుంటే చూడడం ఎంత తృప్తినిచ్చిందో చెప్పలేను.

నవంబరు, రెండో వారం

దసరా సెలవుల్లో అమ్మ ఇంట్లో బొత్తాల బేస్‌లైన్ కొనసాగించారు. అక్కడ కార్డు లేదు, బాబు బడి నుంచి తీసుకెళ్లే వీలూ లేదు. ఆ గీత కదలలేదు. కాబట్టి మూడో మెట్టు నిలిచింది. సెలవుల తర్వాత ఇంట్లో కార్డు పెట్టాం, అమ్మే నేర్పారు, నేను ఫోను వీడియోలో చూస్తూ లెక్కపెట్టాను. మొదటి వారంలో గీత కిందికి జరిగింది గానీ హెచ్చుతగ్గులు ఎక్కువ. ఉదయం బడి వ్యాను వచ్చే తొందరలో పెట్టిన బొత్తాలకూ, సాయంత్రం తీరిగ్గా పెట్టిన బొత్తాలకూ తేడా ఉంది. రెండింటినీ వేర్వేరు గుర్తులతో వేస్తున్నాను. స్థిరపడే దాకా ఈ మెట్టు రుజువైందని రాయను.

బడిలో ఒక నిర్ణయం జరిగింది. ఈ బాబుకు చెయ్యి పట్టుకుని దిద్దించడం పూర్తిగా మానేసి, చుక్కలు కలపడం, ముందు మనం గీసి చూపించడం అనే దారిలోకి వెళ్లాం. అలాంటప్పుడు కార్డు ఇంకెందుకని సహోద్యోగి అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. బడిలో మానేసినా ప్రపంచం మానదు. మంగలి చెయ్యి వేస్తాడు, నర్సు వేస్తుంది, రోడ్డు దాటేటప్పుడు మనమే పట్టుకోవాలి. కొన్నిచోట్ల వదలడం కుదరదు కూడా. అక్కడ "ఒక్క నిమిషం ఆగు" అన్నదాన్ని ఓర్చుకోవడం వాడికి నేర్పాలి, అదీ మెట్లు మెట్లుగానే.

తర్వాతి పని గోళ్లు తీయడం. దానికి బేస్‌లైన్ ఈ ఆదివారం నుంచి అమ్మ మొదలుపెడతారు. రోజుకు ఒక్క వేలు మాత్రమే, అదీ కుడి చేతికే. ఎడమ చేతి మీద కాయ కట్టిన చర్మం పొరలు పొరలుగా ఊడుతోంది, కింద లేత చర్మం వస్తోంది. అది గట్టిపడే దాకా ఆ చెయ్యి జోలికి పోవద్దని పిల్లల డాక్టరు చెప్పారు.